జల్లెడ మేడం చివరి అభ్యంతరం

సాయంత్రం. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. భోజనాల బల్ల నిండా కాయితాలు. బల్ల దగ్గర ముగ్గురు: పేటెంటు ఏజెంటు, అతని అక్క, బావ.

"...ఇక్కడొకటి, ఇదిగో ఇక్కడొకటి, చివరి పేజీలో ఇంకొకటి. ఇప్పుడు పెట్టకక్కా సంతకం. పొద్దున నోటరీ ముందు పెట్టాలి. ఇప్పుడు ఊరికే చదివి ఊ అను, చాలు."

"చదివి ఊ అనాలా, చదవకుండా ఊ అనాలా?"

"అదేం మాటక్కా! చదివే అను."

"మరి చదవనీ. ఇందాకట్నుంచీ పేజీలు నువ్వే తిప్పేస్తున్నావు. చెయ్యి తియ్యి."

"ఏవోయ్ బావమరిదీ, ముందు కాసిని మంచినీళ్ళు తాగనీ మీ అక్కని. వచ్చీ రాగానే కాయితాలు మొహాన పెడితే ఎవరికైనా చిరాకే."

"నీళ్ళు తాగానండీ. మీరెందుకు లేచారు?"

"ఫ్యాను... కాస్త పెంచుదామని."

"పెంచితే కాయితాలు ఎగిరిపోతాయి. కూర్చోండి. ఒరేయ్, నాకు మొదట్నుంచీ చెప్పు. రేపు ఏమవుతుంది?"

"రేపు హియరింగు. బావ కనిపెట్టిన, బ్యాటరీ ప్యాకులు బిగించే లైనుకి పేటెంటు ఇవ్వాలా వద్దా తేల్చే ఆవిడ ముందు మేమిద్దరం కూర్చుంటాం. జల్లెడ మేడం ముందు."

"జల్లెడ మేడం ఎవరు?"

"ఎగ్జామినరు. మేం పెట్టుకున్న ముద్దుపేరులే. మొదటి అభ్యంతరంలో ఏం రాసిందో తెలుసా? వదులుగా ఉన్నది కింద పడుతుంది, గట్టిగా ఉన్నది పైన ఉంటుంది, ఈ పని జల్లెడ ఎప్పట్నుంచో చేస్తోంది, ఇందులో కొత్తేముంది అంది."

"జల్లెడట! నా లైను జల్లెడట!"

"అదుగో, బావకి పొంగింది."

"పొంగదా? బ్యాటరీ ప్యాకంటే ఏంటి? వరసలు వరసలుగా సెల్లులు. అందులో ఒక్కటి వదులుగా కూర్చుందనుకో, వెల్డింగు పైకి బాగానే కనిపిస్తుంది. బండి గతుకుల్లో పడగా పడగా ఓ రోజు ఆ అతుకు ఊడుతుంది. ప్యాకు మొత్తం చెత్తలోకి. పాత ఫ్యాక్టరీలో ఏం చేసేవాళ్ళం? ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని ప్యాకుని తిరగేసేవాళ్ళు. ఆ తిరగెయ్యడంలోనే బాగున్న సెల్లులు కూడా కదిలిపోయేవి. మరి నేనేం చేశాను? మనిషి చెయ్యే పడదు. ప్యాకుతో సహా బల్లే తిరగబడుతుంది, అదీ వెల్డింగుకి ముందు. మెల్లిగా, నిద్రపోయే పసిపిల్లని ఒత్తిగిల్లించినట్టు. పట్టు లేని సెల్లు జారి కింద వలలో పడుతుంది. లైను దానంతటదే ఆగుతుంది. ఇంతే! ఇంతేగా అంటారు అందరూ. మరి ఎవడికి తట్టింది?"

"ఎవరికీ తట్టలేదండీ. దీని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మీది ఇప్పటికీ పెళ్ళినాటి మొహమే. సరే, తర్వాత?"

"జల్లెడకి జవాబు రాశాం అక్కా. ఒప్పుకుంది. తర్వాత ఎక్కడిదో పాత పేటెంటు తెచ్చింది, తిరిగే బల్లది. అది తిరగడమే గానీ వదులు సెల్లుని పట్టివ్వదు కదా అని రాశాం. దానికీ ఒప్పుకుంది. హమ్మయ్య, ఒడ్డున పడ్డాం అనుకునేసరికి..."

"వీడియో."

"వీడియో. మిగిలిన అభ్యంతరం అదొక్కటే. బల్ల మొదటిసారి తిరిగిన రోజు తీసిన వీడియో. నీ ఎకౌంట్లో, లోకంలో ఎవరైనా చూడొచ్చన్నట్టు పెట్టి ఉంది."

"చూస్తే ఏమైంది? ఎవరి వస్తువు వాళ్ళు చూపించుకోకూడదా?"

"అప్లికేషను వెయ్యక ముందు చూపించుకోకూడదు. ఇంట్లో వాళ్ళకి చూపించుకో, నమ్మకస్తులకి చూపించుకో. లోకానికి చూపించావా, అది లోకం సొత్తు. ఇంక కొత్తది కాదు. రేప్పొద్దున ఎవడైనా అదే బల్ల చేసి అమ్ముకున్నా మనం నోరు మూసుకుని చూడాల్సిందే."

"అమ్ముకుంటున్నారుగా! మా పాత ఫ్యాక్టరీలోనే మూడు లైన్లకి పెట్టారు. నా బల్ల! నన్ను 'తిరగలి' అని పేరు పెట్టి నవ్విన మేనేజరే దగ్గరుండి పెట్టించాడట. 'ఏరా తిరగలీ, ఇంకా బల్ల తిప్పుతూనే ఉన్నావా' అనేవాడు క్యాంటీన్లో. అందరూ నవ్వేవాళ్ళు. పేటెంటు వస్తే ఆ మనిషే వచ్చి, మెట్లెక్కి పైకొచ్చి, ఈ కుర్చీలో కూర్చుని అడగాలి నన్ను. అయ్యా, మీ బల్ల వాడుకోవచ్చా అని. నాకు అంతకంటే ఏమీ వద్దు."

"తెలుసండీ. నాకు తెలియదా? ఒరేయ్, వీడియో ఎప్పుడు పెట్టినట్టుంది?"

"మార్చి రెండో వారం. పోయిన మార్చి కాదు, ఆ ముందుది. మనం అప్లికేషను వేసింది ఆ మే చివర్లో."

"మార్చి రెండో వారమా?"

"టీ పెట్టనా? మీ ఇద్దరికీ టీ పెడతాను."

"మీరా? డబ్బాల్లో టీపొడి ఎందులో ఉందో చెప్పండి, చాలు."

"వెతుక్కుంటాలే..."

"కూర్చోండి. మాట మధ్యలో ఉండగా లేవకండి. ఒరేయ్, ఎవరు పెట్టారన్నది కూడా అడుగుతుందా ఆ మేడం?"

"నేను మాత్రం కాదు! నాకసలు అప్పుడు ఫోనే లేదు, నాది గ్రీజులో పడి పాడైపోయింది. ఆ నెలంతా రిపేరు షాపులోనే ఉంది."

"నిన్నెవరన్నారు బావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు! ఎకౌంటు అక్కది, వీడియో అక్కది. అక్కా, కింద నువ్వు రాసింది కూడా ఆవిడ అచ్చేసి మరీ పంపించింది. చదవనా?"

"ఎందుకులేవోయ్ అవన్నీ ఇప్పుడు..."

"చదవనివ్వండి."

"'మా ఆయన బల్ల తిరిగింది! కాదన్నవాళ్ళందరూ వచ్చి కళ్ళారా చూసుకోండి. మా ఆయనంత బుర్ర ఎవరికీ లేదు. భార్యగా నాకెంతో గర్వంగా ఉంది.' అబ్బో! అక్కా, నువ్వు బావని ఇంతలా పొగడగా నేనెప్పుడూ వినలేదు."

"నేనూ వినలేదురా."

"నోటితో అననివాళ్ళు రాతలో బయటపడతారంటారు. తర్వాతైనా తీసెయ్యలేకపోయావా?"

"చూశాను. తీసెయ్యబుద్ధి కాలేదు. ఆయన్ని ఎవరో ఒకరు పొగడాలి కదా అనిపించింది. పేటెంటుకి అడ్డమొస్తుందని నాకేం తెలుసు? తెలిసినవాళ్ళు చెప్పాలి."

"బావా, నువ్వు చెప్పలేదా? మొదటి రోజే నీకు చెప్పానుగా, అప్లికేషను పడేదాకా చీమకి కూడా చూపించొద్దని. బోర్డు రాసి గోడకి తగిలించుకో అన్నాను."

"చెప్పావు. తగిలించాను కూడా. తలుపు లోపలివైపు."

"మరి?"

"మరేముంది. అయిపోయింది. ఇప్పుడు పోస్టుమార్టం ఎందుకు? దారేదో చెప్పు."

"దారి ఒక్కటే అక్కా. వస్తువు కనిపెట్టినవాడి ఇష్టం లేకుండా, వాడికి తెలియకుండా ఇంకెవరైనా బయటపెడితే ఆ తప్పు కనిపెట్టినవాడి మీద పడదు. ఆ వీడియోని లెక్కలోకి తీసుకోరు. అంటే బావకి తెలియకుండా నువ్వు తీశావు, చెప్పకుండా పెట్టావు. బావకి తెలిసిన వెంటనే పరిగెత్తుకెళ్ళి అప్లికేషను వేశాడు. ఈ మాట నువ్వే ప్రమాణం చేసి రాసివ్వాలి. అదే ఈ అఫిడవిట్. నువ్వు ఒప్పుకున్నావని బావ చెప్పాకే టైపు చేయించాను."

"నేను ఒప్పుకున్నానా? ఎప్పుడండీ?"

"అంటే... ఒప్పుకుంటుందిలే అని చెప్పాను. నువ్వు కాదంటావా ఏంటి?"

"ఆహా. ఏం రాశావో చూస్తాను ఉండు. 'నా భర్త ఎంతో శ్రమించి కనిపెట్టిన యంత్రమును, ఆయన అనుమతి లేకుండా, ఆయన నాయందుంచిన నమ్మకాన్ని వమ్ము చేస్తూ, దొంగచాటుగా చిత్రీకరించి...' దొంగచాటుగానా?"

"లాయర్ల భాషక్కా అది. అలా రాస్తేనే వాళ్ళకి ఆనుతుంది."

"'నా అవివేకం వల్ల, రహస్యాల విలువ తెలియక...' ఇది కూడా లాయర్ల భాషేనా?"

"అది బావ రాయమన్నాడు."

"కాస్త బలంగా ఉంటుందని..."

"ఒరేయ్ తమ్ముడూ, నేనెక్కడ పనిచేస్తున్నాను?"

"తెలిసి అడుగుతావేంటక్కా."

"చెప్పు. నోరారా చెప్పు."

"పరీక్షల బోర్డు ప్రెస్సులో."

"అక్కడ ఏం అచ్చేస్తాం?"

"ప్రశ్నపత్రాలు."

"నువ్వు లెక్కల పరీక్షకి ముందు నా కాళ్ళు పట్టుకున్నావు, గుర్తుందా? ఒక్క ప్రశ్న, ఒక్క ప్రశ్నక్కా అని ఏడ్చావు."

"గుర్తుంది. తప్పాను కూడా."

"తప్పావు. అమ్మ నాతో నెలరోజులు మాట్లాడలేదు. అయినా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు మా ప్రెస్సు పెద్దాయన రిటైరవుతున్నాడు, కాన్ఫిడెన్షియల్ గది తాళం నా చేతికిస్తామన్నారు. నా చదువు చూసి కాదు. ఇన్నేళ్ళలో నా నుంచి ఆ గోడ దాటి ఒక్క ముక్క బయటికి రాలేదని. ఆ నేను, రహస్యాల విలువ తెలియని మనిషినని నా చేత్తో నేనే సంతకం పెట్టాలి."

"ఎవరు చూస్తారక్కా పేటెంటు ఫైలు! చదివితే నిద్ర తప్ప ఏం రాదు."

"చూడాలనుకుంటే ఎవరైనా చూడొచ్చా, కూడదా?"

"అంటే... వెబ్‌సైట్లో ఉంటుందనుకో. కానీ..."

"మా పక్క సీటావిడకి ఆ మాత్రం చాలు. ఆ తాళం కోసం నాకంటే ముందునుంచి కాచుకుని కూర్చుంది. ఊరికే నా పేరు కొట్టి చూసుకున్నా బయటపడుతుంది. ఏడాదికోసారి మేం హామీపత్రం ఇవ్వాలి, రహస్యం బయటపెట్టిన మచ్చ మా మీద లేదని. వచ్చే నెల మళ్ళీ లాకిన్ ఉంది."

"లాకిన్ అంటే అదేగా, మిమ్మల్ని లోపల పెట్టి బయట తాళం వేసేది?"

"ఊ. పెద్ద పరీక్షల ముందు ఎప్పుడూ ఉండేదే. పేపర్లన్నీ అచ్చయి సెంటర్లకి చేరేదాకా మేం లోపలే. మనిషొక్కటే లోపలికి పోవాలి, మిగతావన్నీ గేటు బయట. గాజుల్ని కూడా తిప్పి చూస్తారు."

"జైలు నయం కదక్కా!"

"జైల్లో ములాఖతైనా ఉంటుంది."

"అబ్బబ్బ! నీ ప్రెస్సు పురాణం ఆపుతావా? రేపు నా బతుకు తేలిపోతుందంటే నువ్వు తాళంచెవుల గురించి మాట్లాడతావేంటి?"

"బావా, మెల్లిగా. కింద వెల్డరు ఇంకా వెళ్ళలేదు."

"విననీ! వాడికీ తెలియాలి. ఏమిటి నీ ఉద్యోగం? ఎవరో రాసిన ప్రశ్నలు, ఎవరో చేసిన మిషను మీద అచ్చేసి, వాటికి కాపలా కాయడం. నేను లేని దాన్ని పుట్టించాను. నా బుర్రలోంచి! దానికోసం ఉద్యోగం మానేశాను, తిరగలి అనిపించుకున్నాను. నీ గది తాళం పోతే ఇంకో గది తాళం వస్తుంది. నాకు ఇది పోతే ఇంకేం రాదు. నీకా మాత్రం తెలియదా?"

"తెలుసండీ. ఆ పుట్టించినన్నాళ్ళూ ఇల్లు గడిచింది ఆ కాపలా మీదే అని నేను అనలేదు. ఇప్పుడూ అననులెండి."

"అన్నావుగా!"

"అనిపించారు."

"అక్కా, బావా, చాలు. నేను మీ ఇద్దరికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. చూడక్కా, నాకు మాత్రం సరదానా? సొంత అక్కని దొంగచాటుగా అని టైపు చేయించడానికి చేతులు రాలేదు. కానీ ఇంకో దారి లేదు. ఉంటే నీ జోలికి వచ్చేవాణ్ణా?"

"ఇంకో దారి లేదా? ఒక మాట అడుగుతాను. ఊరికే, మాటవరసకి. వీడియో ఈయనే పెట్టారనుకో. నేను కాదు, ఈయన."

"ఏం మాటలవి?"

"మాటవరసకే అన్నానుగా. మీరు ఊరుకోండి. చెప్పరా, అప్పుడేంటి?"

"అప్పుడింకేముందక్కా. ఆవిడ ముందు నమస్కారం పెట్టి లేచి రావడమే. కనిపెట్టినవాడే బయటపెట్టుకుంటే అక్కడితో సరి. వాదించడానికి కూడా ఏమీ ఉండదు."

"పేటెంటు పోయినట్టే."

"పోయినట్టే."

"కానీ నా మీద మచ్చ ఉండదు."

"నీ ఊసే రాదు అందులో. అయినా ఆ ముచ్చట ఎందుకిప్పుడు?"

"ఏం లేదు. ఏవండీ, మీకేమైనా చెప్పాలనుందా?"

"నాకా? ఏముంటుంది చెప్పడానికి?"

"ఏమో. ఇందాకట్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఉన్నారు."

"దొంగ అనే మాట నా నోట అనిపించాలని చూస్తున్నావు కదూ? నిన్ను నేను దొంగ అనలేదు. కాయితం అంటోంది. కాయితం మాటలు మనసుకి తీసుకుంటారా ఎవరైనా?"

"సరే. కాయితమే అంటోంది."

"అక్కా, నువ్వు ఊ అంటే నేను ఇంకో రెండు ముక్కలు రాసుకోవాలి. జల్లెడ మేడం గట్టిది, అడ్డంగా అడుగుతుంది. బావా, నువ్వు చెప్పు. అక్క తీస్తుంటే నువ్వెందుకు చూడలేదు?"

"నేను... లైను వెనకాల ఉన్నాను. స్విచ్చు దగ్గర."

"అక్కెక్కడ ఉంది?"

"ఇవతల. కంప్రెసర్ పక్కన స్టూలు ఉంటుంది చూడు, అక్కడ."

"అదీ నిజమే, వీడియో స్టూలు ఎత్తునుంచే ఉంది. చెయ్యి కూడా ఎక్కడా వణకలేదు. స్టూలు మీద ఫోను ఆనించి పెట్టినట్టుంది. ఎన్నింటికి?"

"మధ్యాహ్నం. పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు."

"నేను ఏం కట్టుకున్నానండీ?"

"ఏంటి?"

"ఆ రోజు. మీ బల్ల మొదటిసారి తిరిగిన రోజు. నేను ఏం కట్టుకున్నాను? మేడం అడుగుతుందేమో."

"అవన్నీ అడగదక్కా."

"చెప్పనీరా."

"ఆకుపచ్చ చీర. ఆ అంచుది."

"బల్ల తిరగ్గానే నేనేమన్నాను?"

"ఏమన్నావు... 'ఇన్నాళ్ళకి' అన్నావు. అవును. ఇన్నాళ్ళకి అని, కళ్ళు తుడుచుకున్నావు."

"కళ్ళు కూడా తుడుచుకున్నానా."

"తుడుచుకున్నావు. నాకు బాగా గుర్తు."

"మరి ఫోను పట్టుకోవడం గుర్తు లేదా? కళ్ళు తుడుచుకోవడం చూశారు, వీడియో తియ్యడం చూడలేదా?"

"అది... అక్కడే కదా! దొంగచాటుగా తీశావు."

"పట్టేశావక్కా, అది అతకదు. బావా, మేడం ముందు కన్నీళ్ళ సంగతి ఎత్తకు. అక్కవైపు అసలు చూడలేదను. బల్లనే చూస్తున్నానను."

"అది మటుకు నిజమేరా. రాసుకో. ఆయన నావైపు చూడలేదు, బల్లనే చూస్తున్నారు."

"రాసుకున్నాను. వీడియో సంగతి నీకు ఎప్పుడు తెలిసింది బావా? ఇది ముఖ్యం."

"తర్వాత."

"తర్వాతంటే ఎప్పుడు?"

"తర్వాతంటే తర్వాతే! రెండు నెలల తర్వాత. ఎవడో ఫోన్ చేసి చెప్పాడు."

"ఎవరు? పేరు కావాలి."

"పాత ఫ్యాక్టరీవాడు. మేనేజరు చూశాడట, చూసి మొహం మాడ్చుకున్నాడట. వాళ్ళావిడ నీ ఎకౌంట్లో ఉందిగా, ఆవిడ ఫోన్లో చూపించిందట. క్యాంటీన్లో ఆ రోజు ఎవరూ నవ్వలేదట."

"సంతోషపడ్డారా?"

"ఎవరు?"

"మీరు. ఎవరూ నవ్వలేదని తెలిశాక."

"పడనా? పడ్డాను. మనిషిని కదా. అంటే... వీడియో బయటికి పోయిందని బాధా పడ్డాను. రెండూ."

"రెండూ. సరే. ఏవండీ, ఒక్క పని చెయ్యండి. ఈ అఫిడవిట్ మీరు ఒకసారి పైకి చదవండి. మొదట్నుంచి చివరిదాకా. మీ నోటితో విన్నాక ఊ అంటాను."

"నువ్వే చదివావుగా."

"నేను చదివితే కాయితం మాటలే. మీరు చదవండి."

"చదువు బావా. పోయేదేముంది? అక్క ఊ అంటానంటోందిగా."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టాను... ఆఁ. 'ఫలానా వారి భార్యనైన నేను దైవసాక్షిగా, మనస్సాక్షిగా ప్రమాణం చేసి చెప్పునదేమనగా. నా భర్త ఎంతో శ్రమించి కనిపెట్టిన యంత్రమును, ఆయన అనుమతి లేకుండా, ఆయన నాయందుంచిన నమ్మకాన్ని వమ్ము చేస్తూ, దొంగచాటుగా చిత్రీకరించి, నా అవివేకం వల్ల, రహస్యాల విలువ తెలియక, బహిరంగపరిచితిని. ఇందులో నా భర్త ప్రమేయం ఏమాత్రమూ లేదు. ఆ విషయము ఆయనకు తెలియదు. కిందనున్న వ్యాఖ్య కూడా నా స్వంత ఇష్టప్రకారం నేను వ్రాసినదే. జరిగిన నష్టానికి నేనే బాధ్యురాలిని. ఇందుకు నేను మనస్ఫూర్తిగా విచారిస్తున్నాను.' అంతే. చదివాను."

"ఎక్కడా ఆగలేదు మీరు."

"ఆగడమేంటి?"

"ఎక్కడైనా నోరు తడబడుతుందేమో అని చూశాను. మీకు పెళ్ళి శుభలేఖ చదవడం కూడా ఇంత గడగడా రాదు."

"ఏం చెయ్యమంటావు నన్ను? చెప్పు! చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకుండా పోవాలా? ఒక్క సంతకం. నా కోసం ఒక్కసారి. నువ్వు మాట పడితే ఏమవుతుంది? ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది."

"వెబ్‌సైట్లో ఉంటుందట."

"అక్కా..."

"ఏడవకురా, నీకెందుకు ఏడుపు? నువ్వు నీ పని చేశావు. చిన్నప్పుడూ అంతే, నీకు ఎవరేం చెప్తే అదే నిజం. ఏవండీ, ఆఖరిసారి అడుగుతున్నాను. ఈ కాయితంలో ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క మార్చాలని లేదా మీకు?"

"...లేదు. అంతా సరిగ్గానే ఉంది."

"మంచిది. పొద్దున ఎన్నింటికిరా నోటరీ దగ్గరికి?"

"ఆఫీసు తెరవగానే. హమ్మయ్య! నాకు తెలుసక్కా, నువ్వు కాదనవని. నువ్వేం భయపడకు, నేను పక్కనే ఉంటాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. అమ్మా, ఇందులో రాసిందంతా నిజమేనా అని. నువ్వు అవునంటే చాలు."

"అడుగుతాడు కదా? అడగనీ. ఆ మార్చి రెండో వారమంతా నన్ను ప్రెస్సులో పెట్టి బయట తాళం వేశారని, నా ఫోను మా ఆయన జేబులో ఉందని, 'మా ఆయనంత బుర్ర ఎవరికీ లేదు' అని నా పేరు మీద రాసుకున్నది మా ఆయనే అని చెప్తాను."